మొదటి పంచరు తర్వాత

చలి మొదలైంది. హైదరాబాద్ నగరంలో ఒక దుప్పటి సరిపోతే, మేడ్చల్ దాటి అత్వెల్లి దిక్కు వచ్చేసరికి రెండు కావాలి. తెల్లారకముందే హైవే పక్కన టీ కొట్టు ముందర ఎండుపుల్లలూ పాత అట్టపెట్టెలూ వేసి ఎవరో ఒకరు చలిమంట పెడతారు. రండి, మీరూ కాస్త దగ్గరికి జరగండి. చేతులు కాగేలోపు ఒక ముచ్చట చెప్పుకుందాం.

ముందు రోడ్డు మీదికి చూడండి. ఇది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. లారీల వరసకు తెంపు లేదు. వాటి పక్కన, తెల్లగీతకు ఇవతల, ఆ సైకిళ్ళు కనిపిస్తున్నాయా? హ్యాండిల్‌కు టిఫిను సంచి, తలకు మఫ్లరు, చేతులకు ఏమీ లేవు. పొద్దుటి షిఫ్టుకు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు. కొందరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఎంతోమంది బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చి ఇక్కడ గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నవాళ్ళు.

ఆదివారం అయితే ఇదే రోడ్డు మీద ఇంకో రకం సైకిళ్ళు వస్తాయి. హెల్మెట్లు, సన్నటి టైర్లు, వెనక మినుకుమనే ఎర్రలైట్లు. నగరం నుంచి బయల్దేరి తూప్రాన్ దిక్కు గుంపుగా పోతారు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలనే బ్రెవే అనే, పందెం కాని పరీక్ష ఒకటుంది; దానికి సాధన చేసేవాళ్ళు కూడా వాళ్ళలో ఉంటారు. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకే టీ కొట్టు దగ్గర ఆగుతారు. ఒకరి సైకిల్ వంక ఒకరు చూసుకుంటారు, పలకరించుకోవడం మాత్రం అరుదు.

మొన్న ఇక్కడే ఒక మిత్రుడు అడిగాడు: "మన దిక్కు కూడా ఒక సైకిల్ సంఘం పెడదామన్నా, ఏమేం కావాలె?" పేరు, జెండా, టీషర్టులు, మొదటి ర్యాలీకి ఎవరిని పిలవాలి అన్నదాకా అతని ఆలోచన పోయింది. నేను ఒక్కటే అడిగాను. "పంచరైతే ఎవరు వేస్తరు?"

ఎందుకట్లా అడిగానో చెప్తాను. కొన్నేళ్ళ కిందట మేం కొందరం స్నేహితులం చందాలు వేసుకుని ఒక బడికి పది సైకిళ్ళు ఇచ్చాం. దూరం నుంచి నడిచి వచ్చే ఆడపిల్లలకని ఇచ్చాం. తాళాలు చేతికిచ్చినప్పుడు ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద ఆ బడికి పోతే, వెనక రేకుల షెడ్డులో ఏడు సైకిళ్ళు గోడకు ఆనించి ఉన్నాయి. దగ్గరికి పోయి ఒక్కొక్కటీ చూశాను. మూడింటికి పంచరు. ఒకదానికి చైను జారి ఫ్రీవీలుకూ చక్రం పుల్లలకూ మధ్య ఇరుక్కుంది. ఇంకోదానికి బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము రిమ్మును గీస్తోంది. మిగిలిన రెండింటికి గాలి లేదు, అంతే. గాలి లేని టైరు మీద తొక్కితే రిమ్ము బెండు పోతుందని ఎవరో చెప్పారట, అందుకని జాగ్రత్తగా పక్కన పెట్టేశారు. ఏడింటినీ బాగుచేయడానికి ఒక కొత్త సైకిల్ ధరలో సగం కూడా కాదు. బడివాళ్ళను తప్పుపట్టలేను. రిపేరు పైసలు ఏ పద్దులో రాయాలో వాళ్ళకు తెలియదు. పిల్లల తండ్రులకు ఆ పూట కూలి పోగొట్టుకుని సైకిల్‌ను మేడ్చల్ దాకా నడిపించుకుపోయే తీరిక లేదు. సైకిళ్ళిచ్చిన మేమే ఆ తర్వాతి సంగతి చూడలేదు.

ఆ రోజు నుంచి నాకొక నమ్మకం ఏర్పడింది. దానంగా వచ్చిన సైకిల్ ఆయుష్షు మొదటి పంచరు దాకానే. సంఘం పని మొదలయ్యేది అక్కడ.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మా చిన్నప్పుడు ఈ దిక్కు సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణాన్ని "సైకిల్ టాక్సీ" అనేవారు. మీలో ఎంతమందికి గుర్తుందో! గోడకు ఒక గడియారం, బల్ల మీద నూనె మరకల రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ప్రతి సైకిల్ మడ్‌గార్డు మీదా రంగుతో వేసిన నంబరు. గంటకింత కిరాయి. పూచీకత్తు ఏమీ అడిగేవారు కాదు, ఎవరి కొడుకువని అడిగేవారు. సీటు అందని పిల్లలం పైకడ్డీ కింది నుంచి కాలు దూర్చి కత్తెర తొక్కుడు తొక్కుతూ నేర్చుకున్నాం. సాయంత్రం దుకాణం మూసేముందు అన్ని సైకిళ్ళనూ వరసగా నిలబెట్టి, ప్రతి చక్రాన్నీ ఒకసారి తిప్పి, టైరును బొటనవేలితో నొక్కి చూసేవాడు ఆ దుకాణదారు. వందమంది పంచుకునే సైకిళ్ళు, వాటిని రోజూ చూసుకునే ఒక మనిషి, ఊరందరూ నమ్మే ఒక రిజిస్టరు. పేరు పెట్టని సైకిల్ సంఘమే కదా అది!

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో 1965లో ఆమ్‌స్టర్‌డామ్ చూసింది. ప్రోవో అనే యువకుల బృందం, లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్ అనే ఆయన ఆలోచనతో, కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి వీధిలో పెట్టింది. ఎవరైనా ఎక్కొచ్చు, పని కాగానే ఎక్కడైనా వదిలేయొచ్చు, తాళం ఉండదు, చూసుకునే మనిషీ ఉండడు. ఎంత మంచి ఊహ! కానీ తాళం వేయని సైకిల్‌ను వీధిలో ఉంచడం చట్టానికి విరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. ఊహ మాత్రం చావలేదు. రూపం మార్చుకుని 2007లో పారిస్‌లో వెలిబ్ అయింది. మన దగ్గర 2017లో మెట్రో రైలు మొదలైనప్పుడు మియాపూర్ స్టేషన్ దగ్గర ఫోనుతో తాళం తెరిచే కిరాయి సైకిళ్ళయింది. అంతకు ముందే డి.వి. మనోహర్ అధ్యక్షతన హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ నెక్లెస్ రోడ్డులో సైకిల్ స్టేషన్ నడిపి, నగరవాసులకు మళ్ళీ సైకిల్ అలవాటు చేసే ప్రయత్నం చేసింది. ఇలాంటివాటిలో ఎక్కడ చూసినా నాకు కనిపించేది ఒకటే. సైకిళ్ళు కొనడానికి డబ్బు ఒకసారి కావాలి. వాటిని తిప్పడానికి చేతులు రోజూ కావాలి.

తమిళనాడులో పుదుక్కోట్టై కథ ఇంకా గొప్పది. 1991లో అక్కడ కలెక్టరుగా ఉన్న షీలా రాణి చుంకత్, అక్షరాస్యత ఉద్యమంలో సైకిల్ నేర్పడాన్ని కూడా కలిపారు. పలక ఎంత ముఖ్యమో పెడలూ అంతే ముఖ్యం అనుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్ళు హ్యాండిళ్ళకు జెండాలు కట్టి బెల్లులు మోగిస్తూ పట్టణంలోకి వచ్చారు. ఆ జిల్లాలో సైకిల్ నేర్చుకున్న ఆడవాళ్ళ సంఖ్య లక్ష దాటిందని జర్నలిస్టు పి. సాయినాథ్ రాశారు. ఆయన రాసిన ఒక చిన్న సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంటుంది. లేడీస్ సైకిళ్ళకు కరువొచ్చి, ఆడవాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారట. కొందరైతే అవే నయమన్నారట. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పైకడ్డీ మీద చంటిపిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా! సైకిల్ తొక్కేవాళ్ళను అడగకుండా సైకిల్ ఎంచకూడదన్న పాఠం అందులో ఉంది.

ఇక బీహారు. ఈ రోడ్డు మీద పోతున్న కుర్రాళ్ళలో ఎంతోమంది వచ్చిన రాష్ట్రం. అక్కడ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి సర్కారు డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పక్కనున్న ఝార్ఖండ్‌తో పోల్చి లెక్కలు తీశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, ఆడా మగా తేడా 40 శాతం తగ్గింది. బడి 3 కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్ళలో ఫలితం ఇంకా బాగుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ "బడికొస్తా" పేరుతో సర్కారు బడుల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. సైకిల్ ఆడపిల్ల చదువును నిలబెడుతుందని ఇక వాదించాల్సిన పనిలేదు. ఆ సైకిల్‌ను పదో తరగతి అయ్యేదాకా నిలబెట్టే పని ఊరిది.

సరే, టీ వచ్చింది, తీసుకోండి. ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం.

మొట్టమొదట కావలసింది ఒక చోటు. పెద్దది అక్కర్లేదు. రేకుల కప్పు, ఒక బల్ల, ఒక బీరువా పట్టే గది చాలు. కానీ సైకిళ్ళు పోయే దారిలోనే ఉండాలి. దానికోసం ఎవరూ రెండు కిలోమీటర్లు పక్కకు రారు. మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైళ్ళు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అత్వెల్లి నుంచి స్టేషన్‌కు సైకిల్ మీద పోవచ్చు, రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. సాయంత్రం దాకా సైకిల్ భద్రంగా ఉంటుందన్న నమ్మకం ఒక్కటే తక్కువ. స్టేషన్ దగ్గర నీడా తాళమూ కాపలా ఉన్న సైకిల్ స్టాండు గనక సంఘం నడిపిస్తే, అదే కాస్త ఆదాయం కూడా అవుతుంది.

రెండోది సామాను. గాలి పంపు మంచిది ఒకటి, కాలితో తొక్కేది. పానాల సెట్టు. టైరు లేపే పట్టీలు, చైను కట్టరు, చక్రం పుల్లలు బిగించే పానా, నూనె, గ్రీజు, పంచరు పెట్టె, ఒక నీళ్ళ తొట్టి. ట్యూబులూ బ్రేకు రబ్బర్లూ రెండు మూడు సైజుల్లో.

మూడోది ఉస్తాద్. ఆ మాట కావాలనే వాడుతున్నాను. మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఇంకా చెట్టు కిందో బంకు పక్కనో కూర్చుని సైకిళ్ళు బాగుచేసే పెద్దవాళ్ళు ఉన్నారు. మోటారు సైకిళ్ళు వచ్చాక వాళ్ళ గిరాకీ తగ్గిపోయింది, కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. సంఘం పెట్టేవాళ్ళు వాళ్ళకు పోటీగా దుకాణం తెరవకూడదు. వాళ్ళనే పిలిచి, రోజుకింత అని ఇచ్చి, పిల్లలకు నేర్పమనాలి. ఉచితంగా చేసేవాళ్ళు ఎందరైనా ఉండొచ్చు, చేతిలో విద్య ఉన్నవాడికి మాత్రం కూలి ఇవ్వాల్సిందే.

ఆ విద్య ఎంత సున్నితమైనదో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి నా సైకిల్‌కు పంచరైతే ఒక ఉస్తాద్ పక్కన కూర్చుని చూశాను. టైరు ఒకవైపు లేపి ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి, తొట్టిలో ముంచి, జానెడు జానెడు జరుపుతూ పోయాడు. సన్నటి బుడగలు వరసగా పైకి లేచాయి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో నల్లదనం పోయేదాకా రుద్దాడు. సొల్యూషన్ పూసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడు ప్యాచ్ అందించబోతే వద్దన్నాడు. "తడి మీద పెడితె నాల్గు రోజులల్ల ఊడొస్తది బిడ్డా. ఆరనియ్యాలె. వేలికి అంటకుంట ఉండాలె." ప్యాచ్ నొక్కాక చిన్న సుత్తితో మెల్లగా కొట్టాడు. అప్పటికి పని అయిపోయిందనుకున్నాను. ఆయన టైరు లోపల వేలు పెట్టి గుండ్రంగా, చాలా నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆగి, పట్టకారుతో వెంట్రుకంత ఇనుప తీగ ముక్క లాగాడు. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని తీగలు తునకలై ఈ హైవే నిండా పడి ఉంటాయి. ఆ తీగ లోపలే ఉంటే కొత్త ప్యాచ్ పక్కనే రేపు ఇంకో రంధ్రం. ట్యూబు బాగుచేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ముల్లు వెతికేవాడే ఉస్తాద్.

ఆ పిల్లవాడు ఆయన వేలినే చూస్తూ ఉండిపోయాడు. అలాంటి పిల్లల కోసమే బోస్టన్‌లో ఒక మంచి పద్ధతి పెట్టారు. 1984లో పుట్టిన "బైక్స్ నాట్ బాంబ్స్" అనే అక్కడి సంఘం, 1990లో పిల్లలకు ఒక తరగతి మొదలుపెట్టింది. జనం ఇచ్చేసిన పాత సైకిల్‌ను పిల్లలు వారాల తరబడి విప్పి, కడిగి, బిగించి బాగుచేస్తారు. చివరకు ఆ సైకిల్ వాళ్ళదే అవుతుంది. చేతికి నూనె అంటిన పిల్లకు తన సైకిల్‌లో ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ సైకిల్ మొదటి పంచరుకు షెడ్డులో పడి ఉండదు. మేం పది సైకిళ్ళిచ్చినప్పుడు పది పంచరు పెట్టెలూ నాలుగు శనివారాల పాఠమూ కూడా ఇచ్చి ఉంటే, ఆ ఏడూ ఇప్పటికీ తిరుగుతుండేవి.

పాత సైకిళ్ళు ఎక్కడ దొరుకుతాయంటారా? కొంపల్లి, సుచిత్ర దిక్కు అపార్టుమెంట్ల సెల్లార్లలోకి ఒకసారి తొంగి చూడండి. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, సైకిళ్ళు దుమ్ముపట్టి ఉన్నాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు. మూడు పాడైన సైకిళ్ళు విప్పితే రెండు మంచివి తయారవుతాయి, మిగిలిన సామాను డబ్బాల్లో దాచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ప్రతి సైకిల్‌కూ ఇచ్చినవాళ్ళ సంతకం తీసుకోవాలి, ఫ్రేము మీది నంబరు రిజిస్టరులో ఎక్కించాలి. దొంగ సైకిల్ ఒక్కటి చేరినా ఊళ్ళో సంఘం మాటకు విలువ పోతుంది.

నాలుగోది కాగితాలు, పైసలు. మన రాష్ట్రంలో అమల్లో ఉన్న సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 నాటిది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆశయాలూ నియమావళీ రాసుకుని జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ ఏడుగురిలో ఫ్యాక్టరీకి సైకిల్ మీద పోయే మనిషి ఒకరు, ఆడవాళ్ళు కనీసం ఇద్దరు, లెక్కలు తెలిసినవాళ్ళు ఒకరు ఉండేలా చూసుకోండి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద, ఇద్దరి సంతకాలతో. నెల ఖర్చులు గోడ మీద అంటించండి. అడగకముందే లెక్క చూపించే సంఘాన్ని జనం వదులుకోరు.

పెద్ద కంపెనీల డబ్బు గురించి అందరూ అడుగుతారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న, లేదా అంతకు మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం, సీఎస్ఆర్ కింద, ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు అందుకోవాలంటే సంఘానికి ఆదాయపు పన్ను చట్టం కింద నమోదులూ, ఆపైన సీఎస్ఆర్-1 ఫారమూ కావాలి. ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ దగ్గర్లోనే ఉంది కాబట్టి అడగొచ్చు. ఇక్కడి చిన్న ఫ్యాక్టరీలను మాత్రం డబ్బు అడగకండి. గేటు పక్కన సైకిళ్ళకు నీడ అడగండి, షిఫ్టు మారే వేళలు అడగండి. ఆ వేళకు అరగంట ముందు పంపు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే, నెల తిరిగేలోపు సంఘం పేరు అందరి నోళ్ళలో ఉంటుంది.

ఇంకోటి చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. ప్రాణాల సంగతి. ఈ రోడ్డు మీద యూటర్న్ దూరంగా ఉంటే సైకిల్ మనిషి ఎదురుదారిలో వస్తాడు. తెలియక కాదు, పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన కాళ్ళు ఇంకో రెండు కిలోమీటర్లు తొక్కనంటాయి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చే సైకిల్‌కు లైటుండదు, చొక్కా ముదురు రంగుది, లారీ డ్రైవరుకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. సంఘం మొదటి నెలలోనే చేయగలిగిన పని, ప్రతి సైకిల్ వెనక మడ్‌గార్డుకూ పెడళ్ళకూ రేడియం స్టిక్కర్లు అంటించడం. పెడలు మీద స్టిక్కరు కాలితోపాటు పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి, అది మనిషని దూరం నుంచే తెలుస్తుంది. రెండో పని, సర్వీసు రోడ్డు ఎక్కడ తెగిపోయిందో, వీధిదీపం ఎక్కడ లేదో నోటుబుక్కు పట్టుకుని నడిచి రాసుకోవడం, ఆ జాబితాతో హైవే అధికారుల దగ్గరికీ ట్రాఫిక్ పోలీసుల దగ్గరికీ మళ్ళీ మళ్ళీ పోవడం. నగరానికి పడమట, ఔటర్ రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ పలకల నీడతో, 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. చాలా బాగుంటుంది, చూసి రండి. అంత ఖర్చు పెట్టగలిగిన నగరం ఉత్తరాన ఫ్యాక్టరీకి పోయే సైకిల్‌కు రెండు గజాల భద్రమైన దారి ఇవ్వగలదు. గట్టిగా అడిగేవాళ్ళు కావాలి, ఒక్కొక్కరుగా అడిగితే వినిపించదు.

సంఘమంటూ ఒకటి ఉంటే ఆపదలో ఎట్లా అక్కరకొస్తుందో 2021లో కరోనా రెండో దెబ్బ నాడు చూశాం. ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ బీవైసీఎస్ సైకిల్ వాడకాన్ని ప్రోత్సహించడానికి హైదరాబాద్‌కు బైసికిల్ మేయరుగా ఎంచిన సంతాన సెల్వన్, ఇంకా ఎందరో సైకిల్ మిత్రులు రిలీఫ్ రైడర్స్‌గా ఏర్పడి, బయటికి రాలేని వృద్ధుల ఇళ్ళకు మందులూ సరుకులూ చేరవేశారు. అంత తొందరగా చేయగలిగారంటే, ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ముందే ఉండబట్టే కదా!

మంట ఆరిపోవస్తోంది. మిత్రుడికి నేను చివరగా చెప్పిన మాట మీకూ చెప్తాను. ర్యాలీ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఒక గది చూడండి. వారానికి మూడు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా తెరిచి ఉంటుందని బోర్డు రాయండి. వాన పడినా, చలి పెట్టినా, పెళ్ళిళ్ళున్నా ఆ వేళకు తలుపు తెరిచి ఉండాలి. షిఫ్టుకు పోయే మనిషి ఒక్కసారి వచ్చి మూసిన తలుపు చూశాడంటే మళ్ళీ రాడు. అందుకే సంఘానికి అధ్యక్షుడెవరన్నది అంత ముఖ్యం కాదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నదే ముఖ్యం.

మిత్రుడు ఆ రోజు కాసేపు మంటలోకి చూసి, ఒక పేరు చెప్పాడు. రిటైరైన మనిషి, రోజూ నాలుగింటికే లేస్తాడు, మాట తప్పడు. వినగానే ఆ మనిషి దగ్గరికి పోదామని ఇద్దరం లేచాం. ఇంతసేపూ వింటున్న మీకు కూడా మీ వీధిలో అలాంటివాళ్ళ పేరొకటి ఇప్పటికే తోచి ఉంటుంది.